గడ్డిమేటు పెట్టిన గుడ్లు

మృగశిర దాటి ఆరుద్ర వానలు పట్టాయంటే కృష్ణా డెల్టా నేల ఊరుకోదు. అవనిగడ్డ, కోడూరు చేలగట్ల మీద, గుడివాడ చుట్టుపట్ల కాలువగట్ల మీద, బందరు శివార్లలో మాగిన గడ్డిమేట్ల అడుగున రాత్రికి రాత్రే తెల్లటి తలలు లేస్తాయి. కొండాకోనా లేని ఈ పల్లపు సీమకు వానాకాలం ఇచ్చే వరం పుట్టగొడుగు.

చెదపుట్ట మీద మొలిచినదాన్ని మెల్లగా పెకిలించి చూడండి. కాడ కింద సన్నటి వేరులాంటి తోక లోలోపలికి దిగిపోతుంది. దాని మొదలు చెదల తోటలో ఉంటుంది. చెదలు నమిలి తెచ్చిన పుల్ల మీద, ఆకు మీద ఈ శిలీంధ్రం పెరుగుతుంది; అది అరిగించి పెట్టినదాన్ని చెదలు తింటాయి. సుమారు 3 కోట్ల ఏళ్ల పొత్తు వాటిది. మనిషి సేద్యం దాని ముందు నిన్నమొన్నటిది.

గడ్డిమేటు సంగతి వేరు. తడిసిన వరిగడ్డి లోపల ఆవిరెక్కుతుంది. ఆ ఉక్కలో బూడిదరంగు గుడ్లు పుడతాయి. గుడ్డు చిట్లి గొడుగు విప్పుకుంటుంది. చిట్లిన పొర కాడ మొదట్లో గిన్నెలా మిగులుతుంది. కూర రుచి చెప్పనలవి కాదు. భయమూ ఇక్కడే ఉంది. ప్రాణాలు తీసే అమానిటా జాతి పుట్టగొడుగులు కూడా ఇలా గుడ్డులోంచే వస్తాయి, వాటికీ అడుగున అదే గిన్నె. ఆగ్నేయాసియా నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డవాళ్లు కొందరు తమ ఊరి గడ్డి పుట్టగొడుగే అనుకుని కాలిఫోర్నియాలో డెత్ క్యాప్ అనే అమానిటాను వండుకుతిని విషం పాలయ్యారు. ముదిరాక గొడుగు అడుగు రేకులు గడ్డి పుట్టగొడుగుకు గులాబీ రంగు తిరుగుతాయి, డెత్ క్యాప్‌కు తెల్లగానే ఉంటాయి. గుడ్డుగా ఉన్నప్పుడు ఆ తేడా పైకి కనపడదు.

పచ్చిక మీద వెడల్పుగా, తెల్లగా, గోధుమ పొలుసులతో నిలబడే విషపు పుట్టగొడుగు మరొకటి. కాడకు ఉంగరం ఉంటుంది, ముదిరితే అడుగు రేకులు ఆకుపచ్చగా మారతాయి. తింటే కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు.

పుట్టగొడుగుతో కలిపి ఉడికించిన వెల్లుల్లి నల్లబడకపోతే అది మంచిదనీ, పురుగు తిన్నదైతే మనమూ తినొచ్చుననీ అంటారు. రెండూ అబద్ధమే. అమానిటా విషం ఎంత ఉడికించినా పోదు. తిన్న 6 నుంచి 12 గంటల దాకా తరచు ఏమీ తెలియదు. ఆ తర్వాత వాంతులు పట్టుకుంటాయి, ఒక రోజుకు తగ్గినట్టే ఉంటుంది. లోపల కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది.

కాబట్టి ఏళ్ల తరబడి ఏరినవాళ్లు చేత్తో పట్టుకుని గుర్తుపట్టినదే తినండి, పిల్లలు తెచ్చినవి వండకండి. తిన్నాక తేడా అనిపిస్తే తగ్గిందిలే అని ఊరుకోవద్దు. మిగిలిన ముక్క చేతపట్టుకుని 108కు ఫోన్ చేయండి.