బస్సు డ్రైవర్ కావాలనుకుంటున్నారా? జీతమిచ్చేది ఎవరో ముందు తెలుసుకోండి

ఆదోని బస్టాండ్‌లో ఎమ్మిగనూరు వెళ్లే బస్సుల దగ్గర కాసేపు నిలబడి చూడండి. రెండు పల్లెవెలుగులు పక్కపక్కనే ఆగి ఉంటాయి. రూటు ఒకటే, టికెట్ ధర ఒకటే. కానీ ఒక బస్సు డ్రైవర్ ప్రభుత్వ ఉద్యోగి కావచ్చు, పక్క బస్సు డ్రైవర్‌కు జీతమిచ్చేది ఓ ప్రైవేటు యజమాని కావచ్చు.

ఎమ్మిగనూరుకు రైలు లేదు. పత్తి మార్కెట్‌కైనా, కాలేజీకైనా, ఆసుపత్రికైనా బస్సే దిక్కు. కాబట్టి ఇక్కడ డ్రైవర్ పనికి ఢోకా లేదు. అయితే ‘ఆర్టీసీ డ్రైవర్’ అన్న ఒకే మాట వెనక వేర్వేరు ఉద్యోగాలున్నాయి. మీరైనా, మీ ఇంట్లో తమ్ముడైనా హెవీ లైసెన్స్ కోసం డబ్బు కట్టే ముందు ఈ తేడా తెలుసుకోవాలి.

ఆర్టీసీ బస్సు నడిపేవాళ్లంతా ప్రభుత్వ ఉద్యోగులేనా?

కాదు. 2019లో చేసిన చట్టంతో ఏపీఎస్ఆర్టీసీ ఉద్యోగులు 2020 జనవరి 1 నుంచి ప్రజా రవాణా శాఖ ఉద్యోగులయ్యారు. ఇది సంస్థ రెగ్యులర్ సిబ్బందికి వర్తించిన మార్పు.

అద్దె బస్సుల లెక్క వేరు. బస్సు యజమానిది, డ్రైవర్‌ను పెట్టుకునేదీ యజమానే. కిలోమీటర్ల లెక్కన ఆర్టీసీ యజమానికి డబ్బు చెల్లిస్తుంది. డ్రైవర్ జీతం, సెలవులు యజమానితో కుదిరిన మాటను బట్టే ఉంటాయి. తిరుపతిలో 2022లో మొదలైన ఎలక్ట్రిక్ బస్సులదీ ఇదే దారి. అక్కడ డ్రైవర్ ఆపరేటర్ కంపెనీ మనిషి. ఇవి కాక, సిబ్బంది చాలనప్పుడు డిపోలు రోజువారీ వేతనంపై పిలిచే ఆన్‌కాల్ డ్రైవర్లూ ఉన్నారు.

బస్సు ఎవరిదో గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. అద్దె బస్సు మీద ఆ మాట రాసి ఉంటుంది. ఆర్టీసీ సొంత బస్సుల్లో చాలావాటి నంబర్‌లో ‘జడ్’ అక్షరం కనిపిస్తుంది.

లైసెన్స్ చేతికి రావడానికి ఎంత కాలం?

ఒక్క ఏడాదిలో అయ్యే పని కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం మెట్లు ఇవి:

• 18 ఏళ్లు నిండాక కారు లాంటి తేలికపాటి వాహనాల లైసెన్స్ తీసుకోవాలి.
• అది తీసుకుని కనీసం ఏడాది గడిచాకే రవాణా వాహనానికి లెర్నర్ లైసెన్స్ ఇస్తారు. రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండాలి.
• డ్రైవింగ్ స్కూల్ ఇచ్చే ఫారం 5, డాక్టర్ సంతకం చేసిన ఫారం 1ఏ కావాలి. ఎరుపు, ఆకుపచ్చ రంగులను గుర్తుపట్టగలరా అన్నది ఆ వైద్య పరీక్షలో ఉంటుంది.
• లెర్నర్ లైసెన్స్ వచ్చిన 30 రోజుల తర్వాత పరీక్షకు వెళ్లొచ్చు. రవాణా వాహనాల లైసెన్స్‌ను అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి.

7,500 కిలోల లోపు రవాణా వాహనాలకు మామూలు ఎల్ఎంవీ లైసెన్స్ చాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు చూసి తొందరపడకండి. పెద్ద బస్సు అంతకంటే బరువైనది. దానికి హెవీ లైసెన్స్ ఉండాల్సిందే.

కొన్ని చోట్ల ఆర్టీసీయే హెవీ డ్రైవింగ్ స్కూళ్లు నడుపుతోంది. దళారికి డబ్బిచ్చే ముందు ఆదోని, ఎమ్మిగనూరు డిపోల్లో ఒకసారి విచారించండి.

రెగ్యులర్ పోస్టుకు ఏం అడుగుతారు?

పొరుగున ఉన్న తెలంగాణ ఆర్టీసీ నోటిఫికేషన్ చూస్తే ఒక అంచనా వస్తుంది. 2025 సెప్టెంబర్‌లో అక్కడ 1,000 డ్రైవర్ పోస్టులు ప్రకటించారు. పదో తరగతి, కనీసం 22 ఏళ్ల వయసు, 160 సెంటీమీటర్ల ఎత్తు, హెవీ వాహనం నడిపిన 18 నెలల అనుభవం అడిగారు. పే స్కేల్ 20,960 నుంచి 60,080 రూపాయలు. అయితే తెలంగాణ ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే. ఆదోని అబ్బాయి అక్కడ స్థానికేతరుడే అవుతాడు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఆ 18 నెలల అనుభవం ఎక్కడ వస్తుంది? లారీ మీదో, అద్దె బస్సు మీదో. అంటే ప్రభుత్వ ఉద్యోగం లక్ష్యమైనా చాలామందికి మొదటి మెట్టు ప్రైవేటు యజమానే. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మీ చేతుల్లో లేదు. ఆ మధ్య కాలం ఎలా గడుస్తుందన్నది కొంతవరకు మీ చేతుల్లో ఉంది.

పని ఎలా ఉంటుంది?

రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్నది 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం పెట్టిన లెక్క. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లోనూ ఇదే ఉంది.

పండుగ మాత్రం అందరికీ సెలవు, డ్రైవర్‌కు డ్యూటీ. శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి, మంత్రాలయం ఆరాధనకు జనం పోటెత్తుతారు. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర జాతర ఉంటుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఫుట్‌బోర్డు దాకా జనం నిండిన బస్సును ఎండాకాలం మధ్యాహ్నం నడపగలనా అని ముందే ఆలోచించుకోండి.

మధ్యలో ఆరోగ్యం దెబ్బతింటే?

జీతమిచ్చేది ఎవరన్న ప్రశ్న బరువు ఇక్కడే తెలుస్తుంది. 2014లో తెలంగాణలో ఆర్టీసీ డ్రైవర్‌గా చేరిన ఒకాయనకు తర్వాత రంగులు గుర్తుపట్టలేని లోపం బయటపడింది. సంస్థ ఆయనను ఇంటికి పంపింది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆయనకు తగిన వేరే పని ఇవ్వాలని ఆదేశించింది. కోర్టు ఆధారపడిన వాటిలో 1979లో కార్మిక సంఘాలతో కుదిరిన ఒప్పందం ఒకటి. ఆయన చేరడానికి 35 ఏళ్ల ముందు కుదిరిన కాగితం ఆయన్ను కాపాడింది. ఏ కాగితమూ లేకుండా నోటిమాట మీద పనిచేసే డ్రైవర్ దేన్ని చూపిస్తాడు?

ప్రైవేటు యజమాని దగ్గర చేరే ముందు ఏం అడగాలి?

• నియామక పత్రం. కొత్త కోడ్ ప్రకారం ఇది మీ హక్కు. రేపు అనుభవానికి రుజువు కూడా ఇదే.
• జీతం నెలకా, డ్యూటీకా? బ్యాంకు ఖాతాలో వేస్తారా?
• పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా? సాధారణంగా 20 మంది ఉన్న చోట పీఎఫ్, 10 మంది ఉన్న చోట ఈఎస్ఐ వర్తిస్తాయి. ఒకటి రెండు బస్సులున్న యజమాని ఈ పరిధిలోకి రాకపోవచ్చు. అప్పుడు సొంతంగా ప్రమాద బీమా తీసుకోండి.
• ప్రమాదం జరిగితే కోర్టు ఖర్చు ఎవరిది?
• వారానికి ఒక రోజు సెలవు ఉందా? మీరు రానప్పుడు బండి ఎవరు తీస్తారు?

ఈ ప్రశ్నలకు సమాధానాలు యజమాని కంటే నిజాయితీగా చెప్పేవాళ్లు బస్టాండ్‌లోనే ఉన్నారు. బస్సు బయల్దేరే ముందు టీ కొట్టు దగ్గర ఒక అద్దె బస్సు డ్రైవర్‌ను, ఒక ఆర్టీసీ డ్రైవర్‌ను విడివిడిగా కలవండి. కిందటి నెల చేతికి ఎంత వచ్చిందని, ఎన్ని రోజులు ఇంట్లో పడుకున్నారని అడగండి. ఆ తర్వాతే డ్రైవింగ్ స్కూల్‌కు ఫీజు కట్టండి.