ఆక్సిజన్ సిలిండర్ నిండిందా? ముల్లు చూపేదంతా నమ్మకండి

ఊపిరితిత్తుల జబ్బున్న పెద్దలకు ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టే కుటుంబాలు మన సూళగిరి పక్క పల్లెల్లోనూ ఉన్నాయి. "నిండుగానే తెచ్చినాము, తెల్లారకముందే అయిపోయింది" అనే మాట ఆ ఇళ్లకు కొత్త కాదు. వెంటనే అంగడివాడి మీద అనుమానం వస్తుంది. మోసమేమీ లేకుండా కూడా సిలిండర్ వెలితిగా రావచ్చు.

వంటగ్యాసు లెక్క ఇక్కడ పనికిరాదు. అది సిలిండర్‌లో ద్రవంగా ఉంటుంది, 14.2 కిలోలని తూచి ఇస్తారు. ఆక్సిజన్ మాత్రం వాయువుగానే ఉంటుంది, ఒత్తిడితో కుక్కి నింపుతారు. ఇళ్లలో వాడే బి-టైప్ సిలిండర్‌లో నీళ్లు పోస్తే 10 లీటర్లే పడతాయి. 150 బార్ ఒత్తిడికి నింపితే అందులో సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 2 లీటర్లు వాడితే పన్నెండున్నర గంటలు.

ఇక వెలితి ఎక్కడొస్తుంది? మొదటిది వేడి. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు కాలుతుంది కదా, అదే ఇది. తొందరగా నింపితే లోపలి వాయువు వేడెక్కి, ముల్లు ముందే 150 చూపుతుంది. లోపల 60 డిగ్రీలుంది అనుకోండి. ఇంటికొచ్చి 30 డిగ్రీలకు చల్లారేసరికి ముల్లు 136 దగ్గరికి దిగుతుంది. గంటకు పైగా వాడకం పోయినట్టే. ఎండలో పెట్టిన సిలిండర్ ముల్లు కూడా ఇలాగే ఎక్కువ చూపుతుంది.

రెండోది ఇంకా పెద్దది. కొన్నిచోట్ల పంపు లేకుండా, పెద్ద సిలిండర్‌కు గొట్టం తగిలించి చిన్నదానికి వదులుతారు. రెండింటి ఒత్తిడీ సమానం కాగానే పారడం ఆగిపోతుంది. 46.7 లీటర్ల పెద్ద సిలిండర్ నిండుగా 150 ఉన్నా, ఖాళీ బి-టైప్‌కు వచ్చేది 123 మాత్రమే. తర్వాత వచ్చినవారికి 102. వరుసలో ఎంత వెనకుంటే అంత నష్టం. పైగా ఇలా నింపడం లైసెన్సు లేకుండా చేయకూడని పని, ప్రమాదం కూడా. పంపున్న ప్లాంటులో ఈ చిక్కు లేదు.

కాబట్టి ప్లాంటులోనే నింపించండి. వీలైతే సిలిండర్ ముందురోజే ఇచ్చి, తొందర లేదని చెప్పండి. మెల్లగా నింపితే వేడి తక్కువ. "ఇంకొంచెం ఎక్కించన్నా" అని మాత్రం అడగవద్దు, సిలిండర్‌కు ఒక హద్దుంది. తెచ్చాక నీడలో రెండు మూడు గంటలుంచి అప్పుడు ముల్లు చూడండి. తూకం కూడా మంచి సాక్షి: ఖాళీకీ నిండుకూ ఒకే కాటాలో తేడా సుమారు 2 కిలోలుండాలి. వేడికి ముల్లు మారుతుంది గానీ బరువు మారదు.

సిలిండర్ భుజం మీద కొట్టిన పరీక్ష తేదీ చూడండి, 5 ఏళ్లు దాటితే నింపకూడదు. నల్లటి ఒంటికి తెల్ల భుజం ఉన్నదే వైద్యానికి వాడేది. హోసూరులో వెల్డింగు ఆక్సిజన్ సులభంగా దొరుకుతుందని దాన్ని నింపించుకోవద్దు.

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. అంత పెద్ద ఆసుపత్రిలోనే అలా జరిగినప్పుడు, ఇంట్లో ఒక్క సిలిండర్‌ను నమ్ముకోవడం తగదు. ముల్లు 50కి దిగినప్పుడే రెండోది సిద్ధంగా ఉండాలి. వాల్వు బిగుసుకుందని నూనె, గ్రీజు పూయకండి. ఆక్సిజన్ ఒత్తిడిలో నూనె తగిలితే నిప్పు అంటుకుంటుంది.