సమాజ కార్య విద్య (డిగ్రీ స్థాయి)

సమాజ కార్య విద్య (సోషల్ వర్క్) అనగా కష్టాలలో ఉన్న వ్యక్తులకు, కుటుంబాలకు, సముదాయాలకు శాస్త్రీయ పద్ధతిలో తోడ్పడే కార్యకర్తలను తయారుచేసే విద్య. ఇది దానధర్మాలకు, స్వచ్ఛంద సేవకు భిన్నమైనది. ఇంటర్మీడియట్ తరువాత చదివే పట్టాను బి.ఎస్.డబ్ల్యు. అని, స్నాతకోత్తర పట్టాను ఎం.ఎస్.డబ్ల్యు. అని అంటారు.

చరిత్ర

భారతదేశంలో ఈ విద్య 1936లో బొంబాయిలో ప్రారంభమైనది. అక్కడ ఏర్పడిన సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్‌కు అమెరికా దేశస్థుడైన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ తొలి సంచాలకుడు. 1944లో దాని పేరు టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌గా మారినది. పేరు తెలుపుతున్నట్లే అది మొదట పట్టభద్రుల కొరకు ఏర్పడిన పాఠశాల. డిగ్రీ స్థాయి చదువు తరువాతి కాలంలో వచ్చినది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం 2004లో బి.ఎస్.డబ్ల్యు.ను దూరవిద్య ద్వారా ప్రవేశపెట్టడంతో కళాశాల అందుబాటులో లేనివారికి కూడా అవకాశం కలిగినది.

క్షేత్ర శిక్షణ

తరగతి పాఠాలతో పాటు క్షేత్ర శిక్షణ ఈ విద్యకు ప్రాణం. విద్యార్థులు గ్రామాలలో, బస్తీలలో, ఆసుపత్రులలో అధ్యాపకుల పర్యవేక్షణలో పనిచేసి, తమ అనుభవాన్ని నివేదికలుగా వ్రాయవలెను.

ఈ శిక్షణ అవసరాన్ని తెలుసుకొనుటకు ఆలంపూర్ ప్రాంతం మంచి ఉదాహరణ. తుంగభద్రా తీరంలోని ఈ పట్టణం 2016 వరకు మహబూబ్ నగర్ జిల్లాలోను, ఆ తరువాత జోగులాంబ గద్వాల జిల్లాలోను ఉన్నది. శ్రీశైలం జలాశయం కారణంగా 1980ల ఆరంభంలో మహబూబ్ నగర్, కర్నూలు జిల్లాలలో సుమారు 100 గ్రామాలు ముంపునకు గురైనవి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విడదీసి ఆలంపూర్‌లో తిరిగి నిర్మించారు. కాని నిర్వాసిత కుటుంబాల ఉపాధి సమస్య దశాబ్దాలపాటు కొనసాగినది. 2009 అక్టోబరు వరదలలో ఆలంపూర్, రాజోలి మునిగినవి. వలస కూలీల జీవనం, పత్తి విత్తన క్షేత్రాలలో బాలకార్మికత, జోగినీ దురాచారం ఈ జిల్లాలో దీర్ఘకాలంగా ఉన్న సమస్యలు. వీటిని పుస్తకంలో చదువుట వేరు, బాధిత కుటుంబంతో కూర్చొని తెలుసుకొనుట వేరు.

సమస్యలు

* గుర్తింపు: న్యాయవాదులకు బార్ కౌన్సిల్ ఉన్నట్లు ఈ వృత్తి మొత్తానికి చట్టబద్ధమైన జాతీయ మండలి లేదు.
* ఉద్యోగాలు: అనేక ఉద్యోగాలకు ఎం.ఎస్.డబ్ల్యు. అడుగుతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక వైద్య సమాజ కార్యకర్తకు స్నాతకోత్తర పట్టాతో పాటు ఎం.ఫిల్. కూడా అవసరం. అందువలన మూడేళ్ళు చదివిన పేద విద్యార్థి మరల రెండేళ్ళు చదువవలసి వచ్చుచున్నది.
* భాష: ప్రామాణిక గ్రంథాలు అధికంగా ఆంగ్లంలో ఉన్నవి. విద్యార్థి మాట్లాడవలసినది మాత్రం పల్లె ప్రజల తెలుగులో.
* వ్యయం: క్షేత్రానికి వెళ్ళివచ్చే ఖర్చులు పేద విద్యార్థులకు భారమగును.

ఇటీవలి మార్పులు

2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టంలో వైద్య, మానసిక వైద్య రంగాల సమాజ కార్యకర్తలను చేర్చారు. ఇది గుర్తింపు దిశగా ఒక ముందడుగు. అయితే శిశు సంక్షేమం, గ్రామాభివృద్ధి, పునరావాసం వంటి రంగాలలో పనిచేసేవారు దీని పరిధిలోకి రారు. ఆలంపూర్ వంటి ప్రాంతాలకు అధికంగా కావలసినది వీరే.