పని జ్ఞానం పదిమందికీ చేరే దారి

పని జరిగే చోట జ్ఞానం రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి రాతలోకి ఎక్కినది. పుస్తకాలు, కరపత్రాలు, నియమావళులు, లెక్కలు ఈ కోవలోవి. రెండోది పనివాళ్ల చేతుల్లో, కళ్లలో, మధ్యాహ్నం అన్నాల వేళ చెప్పుకునే ముచ్చట్లలో ఉంటుంది. మొదటిది అడిగితే దొరుకుతుంది. రెండోది మనిషితోపాటే పనిలోకి వచ్చి, మనిషితోపాటే ఇంటికి పోతుంది. మైకేల్ పొలానీ అనే శాస్త్రవేత్త 1966లో వచ్చిన తన పుస్తకంలో ఈ మాటలకందని ఎరుక గురించి వివరించిన తర్వాత, దాన్ని ఒకరి నుంచి ఇంకొకరికి చేర్చడం ఎలా అన్న ప్రశ్న పెద్ద సంస్థలను పట్టుకుంది. కంప్యూటర్లు, ఇంటర్నెట్, ఫోన్లు వచ్చాక ఆ ప్రశ్నకు సాంకేతిక జవాబులు వెతకడం మొదలైంది.

ఈ వెతుకులాట ఎక్కువగా ఆఫీసుల్లో, కర్మాగారాల్లో జరిగింది. కానీ కోనసీమ కొబ్బరి తోట కూడా పనిచోటే. కోటిపల్లి రేవులో గౌతమి దాటి అవతలి ఒడ్డుకు చేరితే ఐనవిల్లి మండలంలోని ముక్తేశ్వరం వస్తుంది. అక్కడి నుంచి అమలాపురం దాకా దారి పొడవునా కనిపించే తోటల్లో ఒక్క చెట్టు మీద ఎన్నో రకాల పనివాళ్లు బతుకుతారు. పట్టాదారు, కౌలు రైతు, చెట్టెక్కి కాయలు దింపే దింపు కార్మికుడు, పీచు ఒలిచే ఒలుపు కార్మికుడు, కాయ కొనే వ్యాపారి, వీళ్లందరికీ చెట్టు గురించి తలా ఒక ముక్క తెలుసు. మొదలు దగ్గర నీరు నిలిచిందో లేదో కౌలు రైతుకు తెలుసు. పీచు పలచబడిందో, కాయ మీద నల్లి మచ్చలు పెరిగాయో ఒలుపు కార్మికుడికి తెలుసు. చెట్టు తలలో ఏం జరుగుతోందో దింపు తీసేవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఇది చిన్న సంగతి కాదు. కొమ్ము పురుగు మొవ్వులోనే తొలుస్తుంది. అది కొరికిన ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్టు కనిపిస్తుంది కానీ, అప్పటికి పురుగు తన పని చేసుకుపోయి ఉంటుంది. ఎర్రముక్కు పురుగు ఇంకా ప్రమాదకరం. మానుకు చిల్లులు పడి గోధుమరంగు రసం కారడం, నమిలిన పీచు బయటికి రావడం తొలి గుర్తులు. అవి తల దగ్గర ఉంటే నేల మీద నిలబడినవాడికి కనపడవు. మొవ్వు వాలిపోయాక చెట్టును దక్కించుకోవడం దాదాపు అసాధ్యం. దింపు కార్మికుడు విడతకోసారి ప్రతి చెట్టూ ఎక్కుతాడు, ఒక్కరి తోటలో కాదు, ఊళ్లోని చాలా తోటల్లో ఎక్కుతాడు. ఊరి మొత్తం కొబ్బరి ఆరోగ్యం గురించి అతని దగ్గర ఉన్నంత సమాచారం ఏ కార్యాలయంలోనూ ఉండదు. అయితే అతనికి కూలి ఎక్కిన చెట్ల లెక్కన వస్తుంది. చూసినది చెప్పినందుకు ఏమీ రాదు. చెప్పడానికి ఆగితే ఒక చెట్టు తగ్గుతుంది.

వ్యవసాయంలో సాంకేతికత ద్వారా జ్ఞానం పంచే ప్రయత్నాలు మన దగ్గర చాలాకాలంగా ఉన్నాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన సైట్ అనే ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు వెళ్లాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. అన్నదాత, పాడిపంటలు వంటి పత్రికలు, రేడియో, టీవీ కార్యక్రమాలు తరాల రైతులకు పాఠాలు చెప్పాయి. 2004 జనవరిలో కిసాన్ కాల్ సెంటర్లు మొదలయ్యాయి. అదే ఏడాది హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఈసాగు పేరుతో వరంగల్ జిల్లా పత్తి చేలలో ఒక చక్కని ప్రయోగం చేసింది. చదువుకున్న స్థానిక యువకులు చేనుచేనుకూ తిరిగి పంట ఫొటోలు తీస్తే, హైదరాబాద్‌లోని నిపుణులు వాటిని చూసి ఆ చేనుకు తగిన సలహా పంపేవారు. 2020 మే 30న ఆంధ్రప్రదేశ్‌లో రైతు భరోసా కేంద్రాలు వచ్చాయి, ఇప్పుడవి రైతు సేవా కేంద్రాలు. ఇవన్నీ మేలు చేసినవే. కానీ దాదాపు అన్నిటిలో జ్ఞానం ప్రయాణించిన దిక్కు ఒక్కటే, నిపుణుడి నుంచి రైతుకు. పనివాడి దగ్గర పుట్టిన తెలివి వెనక్కి వచ్చే దారి సన్నగానే ఉండిపోయింది.

ఆ రెండో దారి ఎలా వేయాలో తెలిపిన తొలి పెద్ద ఉదాహరణ జిరాక్స్ కంపెనీది. ఆ కంపెనీ కాపీయింగ్ యంత్రాలను బాగుచేసే మెకానిక్కుల వెంట తిరిగి వాళ్ల పనిని గమనించిన జూలియన్ ఆర్ అనే మానవశాస్త్రవేత్త ఒక విషయం కనిపెట్టాడు. కంపెనీ ఇచ్చిన మాన్యువల్ ప్రకారం బాగుపడే యంత్రాలు కొన్నే. మొండికేసిన యంత్రాన్ని దారికి తెచ్చేది మెకానిక్కులు టీ తాగుతూ, భోంచేస్తూ ఒకరికొకరు చెప్పుకునే అనుభవాలు. ఆ మాటల్ని వృథా కాలక్షేపం అనుకున్నవాళ్లకు ఆర్ పరిశోధన కనువిప్పు. 1996లో అది పుస్తకంగా కూడా వచ్చింది. ఆ ఎరుకను ఊరూ దేశమూ దాటించడానికి జిరాక్స్ పరిశోధకులు 1990ల్లో ఫ్రాన్స్‌లోని మెకానిక్కులతో కలిసి యురేకా అనే వ్యవస్థను తయారుచేశారు. మెకానిక్ తాను కనిపెట్టిన చిట్కాను అందులో రాస్తాడు. అనుభవజ్ఞులైన తోటి మెకానిక్కులు దాన్ని పరీక్షిస్తారు. సరైనదని తేలితే అందరి కంప్యూటర్లకూ వెళుతుంది. చిట్కాకు డబ్బు ఇవ్వాలా అన్న చర్చ వచ్చినప్పుడు మెకానిక్కులు వద్దన్నారు, చిట్కా పక్కన దాన్ని కనిపెట్టినవాడి పేరు ఉంటే చాలన్నారు. యురేకా నిలబడటానికి ఆ నిర్ణయం కూడా ఒక కారణం.

డబ్బు మార్గం పట్టినప్పుడు ఏమవుతుందో బెంగళూరు ఇన్ఫోసిస్ అనుభవం చెబుతుంది. ఉద్యోగులు తమ అనుభవాలను రాసి కంపెనీ అంతర్గత వెబ్ పోర్టల్‌లో పెట్టడానికి 2000 దశకం తొలినాళ్లలో పాయింట్ల పద్ధతి తెచ్చారు. పాయింట్లను బహుమతులుగా మార్చుకోవచ్చు. వ్యాసాలు వరదలా వచ్చాయి. వాటిని సరిచూసేవాళ్ల మీద భారం పడింది, నాణ్యత మీద అనుమానాలు మొదలయ్యాయి, కావలసినది వెతుక్కోవడం కష్టమైంది. దాంతో పద్ధతిని మార్చి, చదివి వాడుకున్నవాళ్ల అభిప్రాయానికి ఎక్కువ విలువ ఇచ్చారు. ఎంత పంచారన్నది కాదు, ఎవరికి ఉపయోగపడిందన్నది లెక్క కావాలని ఆ సంస్థ అనుభవంతో నేర్చుకుంది.

పొలంలో ఇదే సూత్రాన్ని నిరూపించినది డిజిటల్ గ్రీన్. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో రికిన్ గాంధీ బృందం దీన్ని మొదలుపెట్టింది. ఊళ్లోనే ఒక రైతు చేసే పనిని ఊళ్లోవాళ్లే వీడియో తీస్తారు, నిడివి పది నిమిషాల లోపే. సాయంత్రం పదిమంది చేరినచోట దాన్ని చూపిస్తారు. ఊరి మనిషే ఒకరు మధ్యమధ్యలో వీడియో ఆపి, ఇప్పుడేం చేశాడు, ఎందుకు చేశాడు అని అడుగుతారు. సందేహాలు రాసుకుంటారు. తర్వాత ఎవరెవరు ఆ పద్ధతిని నిజంగా పాటించారో చేలోకి వెళ్లి చూస్తారు. కర్ణాటకలో చేసిన తొలి ప్రయోగంలో, మామూలు విస్తరణ పద్ధతితో పోలిస్తే కొత్త పద్ధతులు పాటించిన రైతులు దాదాపు ఏడు రెట్లు ఎక్కువయ్యారు, ఒక్కో రైతు మారడానికి అయిన ఖర్చులో ఇది దాదాపు పది రెట్లు మెరుగని తేలింది. వీడియో చూసిన రైతులు ముందుగా అడిగిన ప్రశ్న పరిశోధకులు ఊహించనిది: ఈ రైతు ఎవరు, ఏ ఊరు? తమలాంటివాడే, తమలాంటి నేల మీదే చేశాడని తెలిస్తేనే చెవికెక్కుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం కూడా ఇదే దారిలో పెరిగింది. 2016లో మొదలై రైతు సాధికార సంస్థ నడుపుతున్న ఈ కార్యక్రమంలో పాఠం చెప్పేవాళ్లు ముందుగా తమ పొలంలో చేసి చూపిన రైతులే. మహిళా పొదుపు సంఘాల సమావేశాల్లో చిన్న బ్యాటరీ ప్రొజెక్టర్లతో వీడియోలు చూపించడం ఇందులో భాగం. కరెంటు లేని చోట కూడా గోడ మీద బొమ్మ పడేంత వెలుగు ఆ పరికరాలు ఇస్తాయి. 2024లో ఈ కార్యక్రమానికి గుల్బెంకియన్ మానవతా పురస్కారంలో భాగం దక్కింది.

గుజరాత్ రైతులతో చేయగా 2012లో వెలువడిన ఒక అధ్యయనం ఇక్కడ చెప్పుకోదగ్గది. ఫోన్‌లో గొంతు సందేశాలు వినిపించే ఆవాజ్ ఒటలో అనే సేవలో, ఒకే రకం సలహాను కొందరికి శాస్త్రవేత్తల గొంతులో, కొందరికి తోటి రైతుల గొంతులో వినిపించారు. ఎవరి మాట మీద నమ్మకం ఎక్కువ అని అడిగితే రైతులు శాస్త్రవేత్తలదే అన్నారు. కానీ విన్న తర్వాత మరిన్ని వివరాల కోసం ఫోన్ చేసినవాళ్లు మాత్రం తోటి రైతు గొంతు విన్నవాళ్లలోనే ఎక్కువ.

అయితే తోటివాడి మాట ఎప్పుడూ సరైనదే కాదు. కోనసీమ కొబ్బరికి వచ్చిన సర్పిలాకార తెల్లదోమ దీనికి తిరుగులేని ఉదాహరణ. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో దేశంలో తొలిసారి కనిపించిన ఈ పురుగు తర్వాత గోదావరి డెల్టాకూ చేరింది. ఆకు అడుగున చుట్టలు చుట్టలుగా గుడ్లు పెడుతుంది, రసం పీల్చి తేనెబంక విసర్జిస్తుంది. ఆ బంక కింది ఆకుల మీద పడితే దాని మీద నల్లని మసిలాంటి బూజు పెరుగుతుంది. తోట నల్లబడితే ఎవరికైనా మందు కొట్టాలనే అనిపిస్తుంది. పక్క తోటవాడు కొట్టాడని తెలిస్తే ఆ తొందర రెట్టింపవుతుంది. రసాయన మందు తెల్లదోమ కన్నా ముందు దాని శత్రువును చంపుతుంది. ఎన్కార్సియా అనే కంటికి ఆనని కందిరీగ తెల్లదోమ పిల్లల్లో గుడ్లు పెడుతుంది, ఆ గుడ్ల నుంచి వచ్చే పురుగులు వాటిని లోపలి నుంచే తినేస్తాయి. ఆ కందిరీగను బతకనిస్తే తెల్లదోమ అదుపులోకి వస్తుంది. అందుకే శాస్త్రవేత్తలు రసాయనాలు వద్దంటారు. నీటిని ధారగా కొట్టడం, పసుపు జిగురు అట్టలు కట్టడం, ఇసారియా శిలీంద్రాన్ని పిచికారీ చేయడం, మిత్ర పురుగులను వదలడం చేయమంటారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఇటువంటి మిత్ర జీవులను పెంచి రైతులకు అందిస్తోంది.

ఇక్కడ పంచవలసిన జ్ఞానం ఒక పని చేయవద్దన్నది. చేసిన పనిని వీడియో తీయవచ్చు, చేయకుండా ఆగిన పనిని ఎలా చూపాలి? పైగా ఒక్కరు ఆగితే చాలదు, తెల్లదోమకు గట్లు లేవు. చుట్టుపక్కల తోటలన్నీ ఒకే మాట మీద ఉంటేనే ఫలితం. ఫోన్ కెమెరా ఇక్కడ నిజంగా పనికొస్తుంది. ఎన్కార్సియా తినేసిన తెల్లదోమ పిల్ల మీద అది బయటికి వచ్చిన గుండ్రని రంధ్రం ఉంటుంది. మామూలు కంటికి ఆనని ఆ రంధ్రాన్ని ఫోన్‌కు చిన్న భూతద్దం తగిలించి ఫొటో తీసి, పెద్దది చేసి చూపిస్తే, మిత్ర పురుగు తన తోటలో ఉందని రైతు తన కళ్లతో చూస్తాడు. అప్పుడు ఆగడానికి ధైర్యం వస్తుంది.

ఇప్పుడు ఊళ్లలో వాట్సాప్ బృందాలు విరివిగా ఉన్నాయి. గొంతు సందేశం, ఫొటో, వీడియో పంపడం చదువురానివాళ్లకు కూడా వీలైంది. వాటి లోపాలు కూడా స్పష్టమే. నిన్నటి మంచి సమాధానం రేపటికి శుభోదయాల కింద కూరుకుపోతుంది. తప్పు సలహా, ఒప్పు సలహా ఒకే వేగంతో తిరుగుతాయి. ఏ తోటలో, ఏ నెలలో, ఏ చెట్టుకు చేసిన పనో తెలియదు. మంచి సాధనం అంటే ప్రతి అనుభవానికీ చోటు, తేదీ, చెప్పినవాడి పేరు జతచేసేది, సరిచూసిన సలహాకు గుర్తు వేసేది, తర్వాత మాటతోనే వెతికితే దొరికేది, సిగ్నల్ లేనప్పుడు కూడా పనిచేసేది. 2022లో కేంద్రం మొదలుపెట్టిన భాషిణి వంటి ప్రయత్నాల వల్ల తెలుగు మాటను రాతగా మార్చడం నానాటికీ సులువవుతోంది. కోనసీమ యాస, మొవ్వు, మట్ట, దింపు వంటి తోట మాటలు ఆ యంత్రాలకు సరిగా తెలియాలంటే ఆ యాసలో మాట్లాడే మనుషుల గొంతులు వాటికి అందాలి.

కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి చెట్టు ఎక్కడంలో శిక్షణ ఇచ్చే కార్యక్రమం నడుపుతోంది. యంత్రంతో ఎక్కడంతోపాటు చెట్టు తల శుభ్రం చేయడం, పురుగుల్ని, తెగుళ్లను గుర్తుపట్టడం కూడా అందులో నేర్పుతారు. ఎక్కేవాడే చెట్టుకు తొలి వైద్యుడన్న గుర్తింపు దీనిలో ఉంది. దాన్ని ఇంకొక అడుగు ముందుకు తీసుకెళ్లాలి. దింపు కార్మికుడు పైనుంచి దిగగానే ఒక్క నిమిషం గొంతు సందేశం పెడితే చాలు. అది గ్రామ ఉద్యాన సహాయకుడి ద్వారా అంబాజీపేటకు చేరాలి, సరిచూసి కార్మికుడి పేరుతోనే చుట్టుపక్కల తోటలకు తిరిగి రావాలి. ఆ నిమిషానికి కూలి కూడా కట్టివ్వాలి. ఇన్ఫోసిస్ ఇబ్బంది పడింది రాతల సంఖ్యను బట్టి బహుమతులిచ్చి. ఇక్కడ ఇచ్చేది పోయిన పనివేళకు పరిహారం, అది న్యాయం. కావలసిన ఫోన్లు, కేంద్రాలు, ప్రయోగశాల, పొదుపు సంఘాలు కోనసీమలో ఇప్పటికే ఉన్నాయి. వాటిని దింపు కార్మికుడి గొంతుతో కలిపే బాధ్యత ఉద్యాన శాఖ, రైతు సంఘాలు కలిసి తీసుకోవాలి.