తాతయ్యకు, నానమ్మకు కాస్త పని మిగల్చండి



స్కూల్ వదిలే వేళ గేటు దగ్గర పిల్లల బ్యాగులు అందుకునేవాళ్లలో తాతయ్యలు, నానమ్మలు, అమ్మమ్మలు చాలామంది ఉంటారు. వాళ్లలో ఎందరో మనవల కోసమే ఊరు వదిలి వచ్చినవాళ్లు. ఊళ్లో పాలకో, గుడికో రోజూ నడిచేవారు. అరుగు మీద నలుగురితో మాట్లాడేవారు. ఇక్కడ ఫ్లాట్, లిఫ్ట్, టీవీ. పైగా మనం ప్రేమతోనే "మీరు కూర్చోండి, నేను చేస్తాను" అంటాం. అలా కూర్చోబెట్టడమే వాళ్లకు చేటు.

వయసుతో పాటు కండ తగ్గుతుంది. వాడకపోతే ఇంకా త్వరగా తగ్గుతుంది. కాళ్లలో పట్టు పోతే పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. ఒకసారి పడినవాళ్లు భయంతో నడక మానేస్తారు, దాంతో కాళ్లు మరింత బలహీనపడతాయి. తుంటి ఎముక విరిగితే కోలుకోవడానికి నెలలు పడుతుంది.

65 ఏళ్లు దాటినవారికి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే వారంలో 5 రోజులు, రోజుకు అరగంట చురుకైన నడక. దానికి తోడు 2 రోజులు కండరాల బలానికి, 3 రోజులు బ్యాలెన్స్‌కు వ్యాయామాలు. జిమ్ అక్కర్లేదు. గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతులు ఊతంగా పెట్టకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడంతో మొదలుపెట్టవచ్చు. గుండె, మోకాళ్ల సమస్యలుంటే ముందు డాక్టర్‌ను అడగండి.

ఇంట్లో మీరు చేయగలిగినవి:

• బాత్రూమ్ నేల పొడిగా ఉంచండి. గోడకు పట్టుకునే రాడ్, దారిలో రాత్రి లైటు పెట్టించండి.
• భోజనంలో పప్పు, గుడ్డు, పెరుగు తగ్గకుండా చూడండి. కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్ చెప్పినంతే.
• కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. సరిగా వినపడనివాళ్లు క్రమంగా మాటలే తగ్గించుకుంటారు. మనం దాన్ని అలక అనుకుంటాం.
• కూరగాయలు ఎంచడం, మొక్కలకు నీళ్లు పోయడం వంటి పనులు వాళ్లకే వదిలేయండి.

వృద్ధుల సమస్యలపై సలహా, సాయం కావాలంటే జాతీయ హెల్ప్‌లైన్ 14567కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఈ నెల మా క్లాసు పిల్లలకు ఒక హోంవర్క్ ఇస్తున్నాం. రోజూ సాయంత్రం ఇంట్లో పెద్దవాళ్లతో అరగంట నడవాలి, దారిలో వాళ్ల చిన్ననాటి సంగతి ఒకటి అడిగి డైరీలో రాయాలి. ఆ అరగంట ట్యూషన్‌కు పోకుండా చూసే బాధ్యత మీది.