నాలుగు చుక్కల పసుపుతో ఆఫ్‌వైట్ రాదు

తెల్ల ఎమల్షన్ బకెట్‌లో పసుపు స్టెయినర్ నాలుగు చుక్కలు వేసి కలిపితే ఆఫ్‌వైట్ వచ్చేస్తుందన్నది ఇల్లు కట్టుకునేవారిలో గట్టిగా పాతుకుపోయిన అపోహ. దుకాణంలో మెషిన్ మీద షేడ్ కలిపించుకోవడం దండగ ఖర్చనీ, సైటు దగ్గర పెయింటరే కలిపేస్తాడనీ ఒకరు చెబితే పదిమంది నమ్ముతారు. దాని ఫలితం గృహప్రవేశం నాటికే కళ్లబడుతుంది. హాల్లో ఒక గోడ మీగడలా ఉంటే పక్క గోడ నిమ్మపండు రంగులో ఉంటుంది. ఒక బకెట్ అయిపోయి మరో బకెట్ మొదలైన చోట గోడ నడుమ చార తేలుతుంది. ఆ చార పోవాలంటే గది మొత్తం మళ్లీ వేయాల్సిందే.

డబ్బాలో వచ్చే తెలుపు వట్టి తెలుపు కాదు. పొరపాటు అక్కడే మొదలవుతుంది. నేటి తెల్ల రంగులన్నింటికీ ప్రాణం టైటానియం డయాక్సైడ్ అనే పొడి. 1916 ప్రాంతంలో నార్వే, అమెరికాల్లో దీన్ని అమ్మకానికి తయారుచేయడం మొదలైంది. అంతకుముందు సీసపు తెలుపు, జింకు తెలుపు, సున్నం ఆ పని చేసేవి. ఈ పొడి వెలుగును బలంగా వెదజల్లుతుంది గానీ ఊదారంగు వెలుగును కొద్దిగా పీల్చుకుంటుంది. అందుకే దానిలో సన్నటి పసుపు ఛాయ ఉంటుంది. తళతళలాడే తెలుపు రావాలంటే ఆ ఛాయను చంపాలి. కనుక చాలా రకాల్లో తయారీలోనే ఇసుమంత నీలమో ఊదానో కలుపుతారు. వెనకటి రోజుల్లో సున్నంలో నీలిమందు కలిపినా, తెల్లపంచెలకు నీలం పెట్టినా కారణం ఇదే.

అలా నీలం వైపు మొగ్గిన తెలుపులో పసుపు పోస్తే వచ్చేది మీగడ తెలుపు కాదు. నీలమూ పసుపూ కలిస్తే ఆకుపచ్చ అని బడిపిల్లలకు కూడా తెలుసు. గోడ మీద ఆ పచ్చదనం లేతగా ఉంటుంది కాబట్టి ఎవరూ దాన్ని పేరు పెట్టి చెప్పలేరు. గది ఏదో జబ్బుపడ్డట్టు ఉందని మాత్రం అనుకుంటారు. సరైన మీగడ తెలుపులో సాధారణంగా మూడు నాలుగు వర్ణకాలు ఉంటాయి. వెచ్చదనానికి ఇనుప ఆక్సైడ్ పసుపు, పచ్చదనం తేలకుండా కొద్దిగా ఎరుపు, పసుపు కొట్టొచ్చినట్టు కనబడకుండా నలుపో ముదురు గోధుమో అతి స్వల్పంగా వేస్తారు. కంటికి హాయినిచ్చేది ఆ చివరి నలుపే. సైటు దగ్గర ఎవరూ కలపనిది కూడా అదే.

కొలత సంగతి మరీ ముఖ్యం. ఒక బకెట్‌లో నాలుగు చుక్కలు, రెండో బకెట్‌లో ఆరు చుక్కలు పడ్డాయంటే రంగు సగానికి సగం పెరిగినట్టు. ముదురు రంగులో రెండు చుక్కలు ఎక్కువైనా తెలియదు. లేత రంగులో ఉన్న రంగంతా ఆ నాలుగు చుక్కలే కాబట్టి తేడా దాగదు. దుకాణంలోని టింటింగ్ మెషిన్ ఒక్కో వర్ణకాన్ని మిల్లీలీటరులో చిన్న భాగాల దాకా కొలిచి పోస్తుంది. ఆ లెక్క షేడ్ నంబరు పేరిట కంప్యూటర్‌లో ఉంటుంది. ఒక్క బకెట్‌తో ఇల్లంతా అయిపోతే కొలత గొడవ ఉండదనే వాదనా నిలవదు. లప్పం పెట్టిన నున్నటి గోడ మీద లీటరు ఎమల్షన్, రకాన్ని బట్టి, రెండు కోట్లకు సుమారు 120 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది. 3,000 చదరపు అడుగుల గోడలున్న ఇంటికి 20 లీటర్ల బకెట్ ఒక్కటి చాలదు. రెండోది కలపక తప్పదు. రెండోసారి అదే రంగు చేతి అంచనాతో రాదు.

ఏ పసుపు అన్నదీ చూడాలి. కొత్త సిమెంటు ప్లాస్టరింగ్‌కు క్షారగుణం ఎక్కువ. కొన్ని పసుపు వర్ణకాలు ఆ క్షారానికి విరిగిపోతాయి, కొన్ని ఎండకు వెలిసిపోతాయి. ఇనుప ఆక్సైడ్ పసుపు రెంటికీ తట్టుకుంటుంది. కర్నూలు ప్రాంతంలో తవ్వితీసే పసుపుమన్నుకు రంగునిచ్చేదీ ఇనుప సమ్మేళనమే. ఇక పేరూ ఊరూ లేని పొట్లాల్లో దొరికే పసుపు పొడిని ఇంట్లోకి రానివ్వకూడదు. క్రోమ్ పసుపు అనే పాత వర్ణకం అసలు రూపం సీసపు క్రోమేట్. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న 2016 నాటి కేంద్ర నిబంధనలు 2017 నవంబరు నుంచి అమల్లో ఉన్నాయి. లేబుల్ లేని పొడికి ఆ భరోసా లేదు. పాకే పిల్లలు చేతులు గోడకు రాసి, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. నాలుగు డబ్బులు మిగులుతాయని ఆ ప్రమాదం తెచ్చుకోవడం క్షమించరానిది.

షేడ్ సరిగ్గా కలిపించినా కొందరు మోసపోయామనుకుంటారు. షేడ్ కార్డులోనో ఫోన్‌లోనో చూసిన రంగే గోడ మీదా కనబడాలన్నది నాలుగు చుక్కల అపోహకు తోబుట్టువు. ఫోన్ తెర తానే వెలుగునిస్తుంది. గోడ తన మీద పడిన వెలుగునే తిప్పి పంపుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా కనబడే 6500 కెల్విన్ ఎల్ఈడీ ట్యూబ్‌లైట్ కింద మీగడ తెలుపు వెచ్చదనం కోల్పోయి పాలిపోతుంది. 3000 కెల్విన్ బల్బు కింద అదే గోడ బాగా పసుపెక్కుతుంది. ఎర్ర గచ్చు, గోధుమరంగు గ్రానైట్, కిటికీ ఎదుట పక్కింటివాళ్ల ఆకుపచ్చ గోడ, అన్నీ తమ రంగును గోడ మీదకు విసురుతాయి. ఆఫ్‌వైట్ లేత రంగు కాబట్టి అన్నింటినీ మోస్తుంది. అందువల్ల ముందు ఆ ఇంట్లో ఏ లైట్లు ఉంటాయో తేల్చుకుని, తర్వాతే షేడ్ ఎంచుకోవాలి. శాంపిల్ డబ్బా తెచ్చి, తెల్ల ప్రైమర్ వేసిన చోట రెండడుగుల చదరంలో రెండు కోట్లు వేసి, ఉదయం, సాయంత్రం నాలుగింటికి, రాత్రి లైట్ల కింద చూడాలి. ఎదురెదురు గోడల మీద రెండు చోట్ల వేస్తే ఇంకా మేలు. పాత నీలం గోడ మీద వేసి చూస్తే, చుట్టూ ఉన్న నీలం వల్ల ఏ ఆఫ్‌వైట్ అయినా పసుపుగానే కనబడుతుంది.

చిల్లర నమ్మకాలకు ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఆఫ్‌వైట్ మాసిపోదన్నది అబద్ధం. స్విచ్‌బోర్డు చుట్టూ ఉన్న వేలిముద్రలే సాక్ష్యం. లేత రంగుకు ప్రైమర్ ఎందుకన్నది సోమరి మాట. చెమ్మను ఆఫ్‌వైట్ కప్పేస్తుందనుకుంటే నెలలో గోధుమ మరక పైకి తేలుతుంది. లీకు ఆపి, గోడ ఆరాకే రంగు. లోపలి గోడల రంగు ఎండాకాలం గదిని చల్లబరచదు. వేడిని ఆపేది కప్పు మీది తెలుపు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది అందుకే.

ఒక మాటను మాత్రం, ఇష్టం లేకపోయినా, ఒప్పుకోవాలి. తెలుపు ఎలాగూ పసుపెక్కుతుంది కాబట్టి ముందే ఆఫ్‌వైట్ వేయడం మేలనేవారి మాటలో కొంత నిజముంది. తలుపులకు, అల్మారాలకు వేసే ఆయిల్ ఎనామిల్ వెలుతురు తగలని చోట కొన్నేళ్లకు పసుపెక్కుతుంది. అల్మారా తలుపు లోపలి వైపు చూస్తే తెలిసిపోతుంది. అక్కడ మొదటే మీగడ తెలుపు వేస్తే మార్పు అంతగా కనబడదు. గోడలకు వేసే అక్రిలిక్ ఎమల్షన్‌కు ఈ బెడద చాలా తక్కువ. వంటింట్లో అది పసుపెక్కితే తప్పు తాలింపు పొగది, రంగుది కాదు.

కాబట్టి షేడ్ నంబరు చెప్పి మెషిన్ మీదే కలిపించుకోవాలి. ఇంటికి కావలసిన లీటర్లన్నీ ఒకేసారి తెచ్చుకోవాలి. ఆఖరి కోటుకు ముందు బకెట్లన్నింటినీ ఒక పెద్ద డ్రమ్ములో పోసి కలియబెట్టాలి. గది మధ్యలో పని ఆపకుండా, మూల నుంచి మూలకు ఒక గోడను ఒకే పూటలో ముగించమని పెయింటర్‌కు ముందే చెప్పాలి. పని అయ్యాక డబ్బా మూత మీది షేడ్ నంబరు, బేస్ పేరు, బ్యాచ్ నంబరు ఫొటో తీసి, మిగిలిన లీటరు రంగును గట్టిగా మూసి నీడన దాచుకోవాలి. రెండేళ్లకు మేకు పీకిన చోట పూయడానికి పనికొచ్చేది ఆ లీటరే.