సూర్యలంక యిసుక, నిజాంపట్నపు మడ: కొన్ని అపోహలు, వాస్తవములు

బాపట్ల పట్టణమునకు సుమారు 9 కిలోమీటర్ల దూరముననున్న సూర్యలంక సముద్రతీరమునకు తెనాలి, గుంటూరు, రేపల్లె ప్రాంతముల జనులు కార్తికమాసమున స్నానార్థమును, తక్కిన కాలమున విహారార్థమును పోవుట చిరకాలముగా నున్న వాడుకయే. కాని డేరాలు వేసికొని రాత్రియంతయు ఇసుకపై గడపుట, నెగడు చుట్టును లౌడుస్పీకరు పాటలతో తెల్లవార్చుట, వాహనములను అలల యంచువరకు నడుపుట యనునవి యీ తరమువారు తెచ్చిన వేడుకలు. వీనిని గూర్చిన అపోహలు విహారులయందు మాత్రమే కలవనుకొనరాదు. తీరమును రక్షింపగోరువారు సైతము కొన్నిటిని సత్యములని నమ్మి, దోషము లేనివారిపై దోషమారోపించుచున్నారు.

అందు మొదటిది, ఇసుకతిన్నె బంజరు నేలయనియు, దానిపై నెందరు తిరిగినను చెడునది యేమియు లేదనియు తలచుట. సముద్రపు తాబేళ్ల మాట యెత్తినచో, అవి ఒడిశాకు పోవును గాని మన యొడ్డున కేల వచ్చునని చదువుకొన్నవారును ప్రశ్నించుచుందురు. ఒడిశాలోని గహిర్మాత, ఋషికుల్య తీరములకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు లక్షల సంఖ్యలో ఒక్కుమ్మడిగ వచ్చుట లోకప్రసిద్ధమగుటచే ఈ భ్రమ కలిగినది. మన తీరమున వాని రాక అట్టి సంరంభముతో గూడినది కాదు. పుష్యమాఘముల చలిరాత్రులు మొదలుకొని చైత్రము వరకు, జనసంచారము సద్దుమణగిన పిదప, ఒక్కొక్కటిగ ఒడ్డెక్కి, తెడ్లవంటి వెనుకకాళ్లతో అడుగున్నర లోతు గుంట త్రవ్వి, అందు నూరింటి వరకు గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తెల్లవారక మునుపే నీట కలిసిపోవును. సూర్యలంక మొదలు నిజాంపట్నము వరకు గల యొడ్డున ఇట్టి గూళ్లు కలవు. అటవీశాఖవారు గ్రుడ్లను సేకరించి, కంచె వేసిన ఇసుకలో తిరిగి పాతి, పుట్టిన పిల్లలను సముద్రమున విడుచుట బాపట్ల ప్రాంతమువారెరిగినదే. గ్రుడ్డు పొదుగుటకు 45 నుండి 60 దినములు పట్టును. ఆ కాలమందు గూటిలోని వేడిమిని బట్టియే పిల్ల ఆడదో మగదో నిర్ణయమగుట ప్రకృతి వైచిత్ర్యము: ఇసుక వెచ్చనైనచో ఆడవియు, చల్లనైనచో మగవియు అధికముగ పుట్టును. పైనుండి చూచువానికి గూటి జాడయే తెలియదు. దానిపై జీపు చక్రము దొర్లినచో ఇసుక అణగి గట్టిపడి పిల్లలు పైకి రాజాలవు. వచ్చినను చక్రపు చాలులో చిక్కి, కాకులకును కుక్కలకును ఎరయగును.

వాహనమును రోడ్డుననే విడిచి కాలినడకన వచ్చిన మర్యాదస్థులు, మేమొక మూల దీపము పెట్టుకొని కూర్చుండిన నష్టమేమని యడుగుదురు. నష్టము ఆ దీపముననే కలదు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల వెలుగు మిక్కిలిగానున్న దిక్కునకు ప్రాకును. మనుష్యుడు ఒడ్డున దీపము పెట్టకమున్ను ఆ దిక్కు సముద్రమే. ఏలన, చుక్కల వెలుగును వెన్నెలను ప్రతిఫలించు నీటిమట్టము, వెనుకనున్న తిన్నెల చీకటికంటె తెల్లగా కనబడును. నేడు రిసార్టు దీపములును, నెగళ్లును, ఫోను టార్చీలును ఆ దిక్కును తారుమారు చేయుచున్నవి. గ్రుడ్లు పెట్టవచ్చిన తల్లి సైతము, ఫోటోకై ఎవడో కాంతి ప్రసరింపజేసినంతనే, వచ్చిన పని విడిచి వెనుదిరుగుట కలదు. ఇక, దారితప్పిన పిల్లలను అరచేత బట్టి అలలలో విడుచుట పుణ్యకార్యమని భావించువారి మనస్సు మంచిదే కాని, పని మంచిది కాదు. ఇసుకపై తానై ప్రాకి పోవు ఆ కొలది దూరమే దానికి దిక్కును కుదుర్చునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. పైగా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున మొదటి షెడ్యూలులో చేరిన ఈ ప్రాణిని అనుమతి లేక తాకి పట్టుట నేరము. దానికి చేయదగిన ఉపకారము దీపమార్పి, అటవీ సిబ్బందికి కబురంపి, దూరముగ నిలుచుటయే.

నెగడును ఇసుకతో కప్పినచో ఆరిపోవునను నమ్మకము డేరాలవారిలో మిక్కిలి ప్రబలము. గాలి యందని నిప్పుకణికలు ఇసుకక్రింద నెమ్మదిగ కాలుచు, చుట్టునున్న ఇసుకను గంటలకొలది వేడిగ నుంచును. తెల్లవారి వట్టికాళ్లతో పరుగెత్తు పసిపిల్లలకు అక్కడ నిప్పున్నదను ఆనవాలైనను కనబడదు. నీరు పోసి, కలియబెట్టి, మరల నీరు పోయుటొక్కటే ఉపాయము. సముద్రమంత నీరు ఎదుట నుండగా ఇసుకను వెదకుకొనుట విచిత్రమే. సరుగుడు తోటలో నెగడు వేయుట అంతకంటె ప్రమాదము. రాలిన సూదియాకు ఎండి రవ్వ తగులగనే అంటుకొనును. సీసాలను ప్లాస్టిక్ సంచులను పాతిపెట్టి, శుభ్రపరచితిమని తృప్తిపడువారికి గాలియు పోటును మరల వానిని బయటవేసి చూపుచునే యున్నవి.

ఇంత చెప్పి, విహారులవలననే తాబేళ్లు నశించుచున్నవని యనుట మాత్రము అన్యాయము. ఒడ్డునకు కొట్టుకొనివచ్చు తాబేళ్ల కళేబరములలో అధికభాగము ట్రాలరు వలలలో చిక్కి, ఊపిరి తీసికొనుటకు పైకి రాలేక చచ్చినవే. తాబేలు వెలుపలికి పోవుటకు వలలో అమర్చు సాధనము కలదు; దాని వాడుక వ్యాపింపనిదే, ఒడ్డున దీపములార్పినంత మాత్రమున పని పూర్తి కాదు.

రేపల్లె వైపునకు వచ్చినచో మాట మారును. అక్కడ ఇసుకకు బదులు బురద. కృష్ణానది పాయలును ఉప్పుటేర్లును అల్లుకొన్న మొగల యొద్ద మడ యడవులు. సుమారు 195 చదరపు కిలోమీటర్ల కృష్ణా వన్యప్రాణి అభయారణ్యము ఈ సంగమప్రాంతముననే కలదు. బావురుపిల్లికి ఇది ఆటపట్టు. ఈ యడవి చెంతకు పడవలో పోయిన పట్టణవాసులకు మొదట కలుగు అభిప్రాయము, ఇది కుళ్లిన చోటని. ఆ వాసన గాలి చొరని బురదలో ఆకులలములను జీర్ణముచేయు సూక్ష్మజీవులు విడుచు గంధకపు వాయువు. అది రోగలక్షణము కాదు, అడవి పని చేయుచున్నదనుటకు గుర్తు. ఆ బురదయే రొయ్యపిల్లకును పీతకును పండుగప్పకును పురిటిల్లు. బురదనుండి మేకులవలె పైకి పొడుచుకొనివచ్చినవి ఎండిన పుల్లలు కావు, మడచెట్ల శ్వాసమూలములు. వానిని త్రొక్కుచు నడచినచో చెట్టు గొంతు నులిమినట్లే. మోటారు పడవను వేగముగ నడపినచో తెరలు గట్టును కోసివేయును.

అడవిలో పుల్లలు ఊరకనే దొరకును గదా యని నిజాంపట్నమువైపు వంటచెరకుకై కొమ్మలు విరుచువారికి ఒక హెచ్చరిక. ఈ మడలోని తిల్లచెట్టు పాలు కంటబడినచో కొంతకాలము చూపు పోవును. దాని పొగయు కన్నులకు హానికరమే. చట్టము నెరుగనివారైనను కన్నులపై ప్రీతితో మానుదురేమో.

మడ తుపానునాపలేదని వాదించువారు 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఉదాహరింతురు. ఆనాడు వేలకొలది జనులు మృతిచెందిరి. ఏ యడవియు అట్టి యుప్పెనను సంపూర్ణముగ నిలువరింపజాలదు, నిజమే. కాని 1999 నాటి పెనుతుపాను పిదప ఒడిశాలోని కేంద్రపడ జిల్లాను పరిశీలించినవారు, సముద్రమునకును గ్రామమునకును నడుమ మడ వెడల్పుగ నున్నచోట మరణములు తక్కువయని నిర్ధారించిరి. రొయ్యలచెరువులకై మడను నరికినవారు ఈ సంగతిని లెక్కలో చేర్చుకొనలేదు.

చట్టమును గూర్చిన అపోహ రెండు విధములు. ఒకడు తీరము ప్రభుత్వభూమి గనుక ఎవరైనను ఏమైనను చేయవచ్చుననును. మరియొకడు అక్కడ ఏమియు చేయరాదనును. తీరప్రాంత నియంత్రణ ఉత్తరువులు మొదట 1991లో వెలువడి, పిమ్మట 2011లోను 2019లోను మారినవి. వాని ప్రకారము మడలు, ఇసుకతిన్నెలు, తాబేళ్లు గ్రుడ్లు పెట్టు చోట్లు అత్యంత రక్షితములు; వెయ్యి చదరపు మీటర్లకు మించిన మడ చుట్టును మరి 50 మీటర్ల మేర విడువవలెను. తక్కిన గ్రామీణ తీరమున పోటుగీతకు 10 మీటర్ల ఆవల, తాత్కాలికములైన విహారవసతులకు షరతులపై అవకాశము గలదు. కావున డేరా నిషిద్ధము కాదు; ఎక్కడ వేయవలెననుటయే ప్రశ్న.

ఒక ప్రాణాపాయకరమైన భ్రమను చెప్పక విడువరాదు. అలలు విరుగక నీరు ప్రశాంతముగ కనబడు చోటు స్నానమునకు మేలైనదని క్రొత్తవారు తలచుచుందురు. తరచుగ అదియే ఒడ్డుకు చేరిన నీరు తిరిగి లోనికి పరుగిడు మార్గము. తెనాలి కాలువలలో ఈత నేర్చినవాడును దానికెదురీది అలసి మునుగును. ఒడ్డునకు సమాంతరముగ కొంతదూరమీది ఆ ప్రవాహమునుండి వెలువడవలెను.

కార్తికస్నానములే తీరమును పాడుచేయుచున్నవని విద్యావంతులలో వినవచ్చు మాట కడపటిది. ఆ జనసమ్మర్దమువలన చెత్త పెరుగును. అరటిదొప్పకు బదులు థర్మకోలు పళ్లెములో దీపము వదలుట ఖండింపదగినదే. ఐనను కార్తికము అక్టోబరు, నవంబరు నెలలలో వచ్చును. తాబేళ్ల కాలము అప్పటికింకను రాదు. వనభోజనమువారు ఉసిరిచెట్టు నీడను పగలు భుజించి, ప్రొద్దుగ్రుంకకమునుపే యిల్లు చేరుదురు. మనము ఆధునికమని మెచ్చుకొను క్రొత్తసంవత్సరపు డేరాలు, సంక్రాంతి డేరాలు మాత్రము సరిగా గూళ్ల ఋతువున, సరిగా రాత్రివేళ వచ్చుచున్నవి. కట్టడి అవసరమైనది జనవరి మొదలు మే నెల వరకు, చీకటి పడినది మొదలు తెల్లవారువరకు, ఇసుకతిన్నెకును అలకును నడుమగల మేర మాత్రమే. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవ వేట మాని యింట కూర్చుండు మత్స్యకారునకు ఈ సంగతి వివరింప పనిలేదు. వివరింపవలసినది సాయంకాలము తెనాలి నుండి కారులలో బయలుదేరు మాబోంట్లకే.